జనన, మరణాల నమోదు: 21 రోజుల్లో పూర్తి చేసుకోవలసిన పని

బిడ్డ పుట్టినా, ఇంట్లో మనిషి కన్నుమూసినా ఆ సంగతిని 21 రోజుల్లోపు స్థానిక రిజిస్ట్రారుకు తెలియజేయాలని, ఆ గడువులో నమోదు చేయిస్తే ఎలాంటి రుసుమూ చెల్లించనక్కరలేదని, సమాచారం ఇచ్చినవారికి తొలి ధ్రువపత్రాన్ని కూడా ఉచితంగానే ఇవ్వాలని చట్టం చెబుతోంది. పార్లమెంటు 1969లో చేసిన జనన మరణాల నమోదు చట్టం అర్ధ శతాబ్దానికి పైగా అమలులో ఉంది. అయినా మన ఇళ్లలో బిడ్డకు ఆధార్ ఎప్పుడు తీయించాలా అని ఆలోచించేవారు ఉన్నంతగా, ఆ పుట్టుక రిజిస్టరులో ఎక్కిందో లేదో వెళ్లి చూసుకునేవారు కనబడరు. ఆ కాగితంతో పని పడేది బడిలో చేర్చేటప్పుడో, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేటప్పుడో, బీమా సొమ్ము కోసం తిరిగేటప్పుడో కాబట్టి అప్పటిదాకా ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చేసరికి ఒక పూటలో అయిపోవలసిన పని నెలల తరబడి సాగే వ్యవహారంగా మారి ఉంటుంది. బంధువులకూ ఇరుగుపొరుగువారికీ దరఖాస్తులు రాసిపెడుతూ, కార్యాలయాలకు వారి వెంట వెళుతూ నేను తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గ్రామాల్లో జనన మరణాల నమోదు చూసేది పంచాయతీ కార్యదర్శి. పట్టణాల్లో మున్సిపాలిటీ, నగరాల్లో కార్పొరేషన్ ఆ పని చేస్తాయి. ప్రసవం ఆసుపత్రిలో జరిగితే రిజిస్ట్రారుకు సమాచారం పంపవలసిన బాధ్యత ఆ ఆసుపత్రి వైద్యాధికారిది. ఇంట్లో జరిగితే ఇంటి పెద్దది. సత్రంలోనో హాస్టల్‌లోనో జరిగితే దాని నిర్వాహకుడిది, జైలులో జరిగితే జైలు అధికారిది. చట్టం ఇంత వివరంగా బాధ్యతలు పంచిపెట్టింది కాబట్టి, ఆసుపత్రిలో కాన్పు అయినవారు చేయవలసింది ప్రధానంగా ఒకటే: డిశ్చార్జి అయ్యేలోపు ఆసుపత్రి వారు పంపే జనన నివేదికలో వివరాలు ఎలా రాశారో అడిగి చూసుకోవడం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లి ఇంటికి వెళ్లేలోపే జనన ధ్రువపత్రం చేతికి ఇవ్వాలని 2025లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం రాష్ట్రాలకు సూచించింది. ఇది చాలా మంచి సూచన. ప్రతి కాన్పుల వార్డులోనూ ఇది కచ్చితంగా అమలైతే ఈ వ్యాసంలో సగం అవసరమే ఉండదు.

పేరు పెట్టకుండా నమోదు చేయరనే అపోహ మన దగ్గర బలంగా ఉంది. బారసాల పదకొండో రోజున చేసేవారూ ఉన్నారు, ఇరవై ఒకటో రోజున చేసేవారూ ఉన్నారు. మంచి రోజు కుదరలేదనో, మేనమామ రావలసి ఉందనో మూడో నెలకు వాయిదా వేసేవారూ తక్కువేమీ కాదు. పేరు ఖాయమయ్యాక ఒకేసారి రాయిద్దామని ఆగి, ఉచిత గడువు దాటబెట్టుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను. నిజానికి చట్టంలోని 14వ సెక్షన్ ఇలాంటి సందర్భం కోసమే ఉంది. బిడ్డ పేరు లేకుండానే పుట్టిన తేదీ, స్థలం, తల్లిదండ్రుల వివరాలతో నమోదు చేయించవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు కొద్దిపాటి ఆలస్య రుసుముతో చేర్పించుకునే వీలు నిబంధనల్లో ఉంది. కాబట్టి పేరు గురించి ఎంత తీరిగ్గా ఆలోచించుకున్నా ఇబ్బంది లేదు, నమోదు మాత్రం ఆపకూడదు.

అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది ఎక్కడ నమోదు చేయించాలనే విషయంలో. పుట్టుక గానీ మరణం గానీ ఏ ఊళ్లో జరిగిందో ఆ ఊరి రిజిస్టరులోనే ఎక్కుతుంది. తల్లిదండ్రుల కాపురం ఎక్కడ, రేషన్ కార్డు ఏ ఊరిది అనే ప్రశ్నలకు ఇక్కడ తావు లేదు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ కాబట్టి ఈ నియమం మనకు మరింత ముఖ్యం. హైదరాబాద్‌లో కాపురం ఉంటున్న అమ్మాయి ఏలూరులోని పుట్టింటికి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో ప్రసవిస్తే ఆ బిడ్డ నమోదు ఏలూరులోనే జరుగుతుంది. నాలుగేళ్ల తర్వాత బడిలో చేర్చేటప్పుడు హైదరాబాద్‌లో ఎంత వెతికించినా దొరకదు. ఇప్పుడు రెండు వేర్వేరు రాష్ట్రాలు, వేర్వేరు ఆన్‌లైన్ వ్యవస్థలు అయ్యాయి కనుక, పురిటి నుంచి మెట్టినింటికి బయలుదేరే ముందే ఆ కాగితం చేతికి తెచ్చుకోవడం మేలు. దారిలో వాహనంలోనే ప్రసవం జరిగిన సందర్భానికి కూడా నిబంధన ఉంది. ఆ వాహనం మొదట ఆగిన చోట దాన్ని నమోదు చేయించాలి.

మరణాల విషయంలో ఇదే నియమం మరింత బాధ కలిగించే పరిస్థితులకు దారితీస్తుంది. వరంగల్ వైపు మా బంధువుల ఊళ్లో ఒకామె భర్త జబ్బు చేసి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చనిపోయాడు. దేహాన్ని ఊరికి తీసుకువచ్చి, దహనం చేసి, పెద్దకర్మ కూడా పూర్తి చేశాక ఆమె పంచాయతీ కార్యాలయానికి వెళితే ఇక్కడ ఇవ్వడానికి వీల్లేదన్నారు. "ఊర్లనే కాలబెట్టినం గద సారూ, అందరు చూసిన్రు. మల్ల ఊర్లెందుకు ఇయ్యరు?" అని ఆమె నన్ను అడిగింది. కార్యదర్శి చెప్పింది చట్టప్రకారం సరైనదే. అంత్యక్రియలు జరిగిన చోటు కాదు, ప్రాణం పోయిన చోటే లెక్క. ఆ ఆసుపత్రి పంపిన సమాచారంతో మరణం హైదరాబాద్ కార్పొరేషన్ రికార్డులో అప్పటికే నమోదై ఉంది, మండల కేంద్రంలోని మీసేవలోనే ఆ ధ్రువపత్రం తీసుకోగలిగాము. అయితే చేతికి వచ్చిన కాగితంలో ఆయనకు ఇంట్లో పిలిచే పేరు ఉంది. ఆసుపత్రిలో చేర్పించే రోజున హడావుడిలో ఎవరో ఆ పేరు చెప్పారు, ఆధార్ కార్డు చూడకుండానే అక్కడివారు అదే రాసుకున్నారు.

ఆ ఒక్క పేరు తేడా ఎంత పని పెట్టిందో చెప్పాలి. తెలంగాణలో రైతుబీమా పథకం 2018 ఆగస్టు నుంచి అమలులో ఉంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు ఎల్ఐసీ ద్వారా అందుతాయి, ప్రీమియం మొత్తం రాష్ట్ర ప్రభుత్వమే కడుతుంది. ఆ దరఖాస్తుకు మరణ ధ్రువపత్రమే ఆధారం. పట్టాదారు పాస్‌బుక్కులో ఒక పేరు, మరణ ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉంటే ఏ అధికారీ దస్త్రాన్ని ముందుకు కదపడు. ఆమె ఆసుపత్రి నుంచి సవరణ లేఖ తెచ్చుకొని, ఆధార్ నకలు జతచేసి, కార్పొరేషన్‌లో పేరు సరిచేయించుకునేదాకా ఆ దరఖాస్తు అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో ఉన్నవారు ఇవన్నీ ఎలా గమనించుకుంటారని ఎవరైనా అడగవచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఆసుపత్రికి తోడు వెళ్లిన బంధువుల్లో ఒకరు, రోగిని చేర్పించేటప్పుడే ఆధార్‌లో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టుగా రాయించే బాధ్యత తీసుకోవాలి. ఆ కుటుంబానికి చేయగలిగిన పెద్ద సాయాల్లో అదొకటి.

మన పేర్ల తీరు వల్ల ఈ చిక్కు తెలుగువారికి కాస్త ఎక్కువే. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం మన పద్ధతి. ఒకచోట ఇంటిపేరును పొడి అక్షరంగా రాస్తారు, ఇంకోచోట పూర్తిగా రాస్తారు, పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి అది చివరికి వెళుతుంది. తల్లి పేరు విషయంలో తికమక ఇంకా ఎక్కువ. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, ఆసుపత్రిలో మాత్రం అత్తింటి ఇంటిపేరుతో రాయిస్తారు. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒకే మనిషి అని ఊరంతటికీ తెలుసు గానీ కంప్యూటరుకు తెలియదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో రాయమంటే ముగ్గురు మూడు విధాలుగా రాస్తారు. జనన నివేదిక నింపేటప్పుడు తల్లిదండ్రులిద్దరి ఆధార్ కార్డులను ఎదురుగా పెట్టుకొని, ఒక్కో అక్షరాన్నీ సరిపోల్చుకుంటూ, బిడ్డ లింగం, పుట్టిన తేదీ సరిగా పడ్డాయో లేదో కూడా చూసుకోవాలి. ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక పుట్టిన పిల్లలకు ముందు రోజు తేదీ పడే అవకాశం ఉంది. తిథిని బట్టి ఇంట్లోవారు ఒక రోజు చెబితే, ఆసుపత్రి రికార్డులో ఇంకో రోజు ఉంటుంది. ఇక్కడ చెల్లేది గడియారం ప్రకారం మారే తేదీ మాత్రమే.

తప్పు పడితే దిద్దించుకునే మార్గం లేకపోలేదు. చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారు ఆధారాలు పరిశీలించి తప్పును సరిచేయవచ్చు. అయితే మొదటి నమోదును చెరిపేయరు. దాని పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. దీన్ని బట్టి ఒక సంగతి గమనించాలి. సవరణ అంటే అసలు జరిగిన దానికీ రాసిన దానికీ మధ్య ఉన్న తేడాను తొలగించడమే గానీ, వయసు తగ్గించుకోవడానికో జాతకం కలవడం కోసం తేదీ మార్చుకోవడానికో ఇచ్చిన వెసులుబాటు కాదు. డబ్బు తీసుకొని తేదీ మార్పిస్తామని చెప్పే దళారుల మాట నమ్మి అలా మార్పించుకున్నవారు, ఉద్యోగంలో చేరాక పరిశీలనలో దొరికిపోయి అసలుకే నష్టపోయే ప్రమాదం ఉంది.

ఇక గడువు దాటితే ఏమవుతుందనే విషయానికి వస్తాను. 21 రోజులు దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టి రిజిస్ట్రారు దగ్గరే నమోదు చేయించుకోవచ్చు. నెల దాటి ఏడాదిలోపు అయితే జిల్లా రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే వ్యవహారం రెవెన్యూ వారి చేతికి వెళుతుంది. జిల్లా మేజిస్ట్రేటు గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ విచారించి ఉత్తర్వు ఇస్తేనే నమోదు చేస్తారు. అందుకోసం ముందుగా ఆ ఊరి రిజిస్టరులో ఆ పేరు లేదని చెప్పే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి ఆసుపత్రి కాగితాలో, బడి రికార్డో, పదో తరగతి మెమోనో, టీకాల కార్డో జతచేయాలి. ఊళ్లో విచారణ జరిగి, నివేదిక పైకి వెళ్లి, ఉత్తర్వు కిందికి రావాలి. అయినా ఈ పని అసాధ్యమేమీ కాదు. నలభై ఏళ్ల వయసులో ఈ మార్గంలోనే జనన ధ్రువపత్రం తెచ్చుకున్నవారు ఉన్నారు. కాబట్టి ఆలస్యమైందని ఎవరూ నిరాశపడి వదిలేయనక్కరలేదు. నాన్-అవైలబిలిటీ కోసం వెతికించేటప్పుడే అసలు నమోదు పాత రిజిస్టరులో బయటపడి, తర్వాతి తంతు అంతా తప్పిన సందర్భాలూ ఉన్నాయి. పేరు లేకుండా తండ్రి పేరు కిందే నమోదై ఉండవచ్చు కాబట్టి, వెతికించేటప్పుడు తండ్రి పేరుతోనూ తేదీతోనూ చూడమని కోరాలి.

పాతకాలంలో ఈ కాగితం లేకుండానే జీవితాలు గడిచిపోయాయని పెద్దలు అంటారు. అది నిజమే. బడిలో చేర్చిన రోజున మాస్టారు జూన్ 1 అనో జూలై 1 అనో వేసిన తేదీయే మా ముందు తరంలో చాలామందికి పుట్టిన తేదీ అయింది, దానితోనే ఉద్యోగాలు చేసి పదవీ విరమణ కూడా పొందారు. ఇకముందు పుట్టే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది, ఆ సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి విద్యాసంస్థల్లో ప్రవేశం, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, పాస్‌పోర్టు, ఆధార్ వంటి వాటన్నిటికీ పుట్టిన తేదీ, స్థలాలకు రుజువు జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టు నిబంధనలను కూడా 2025లో దీనికి అనుగుణంగా మార్చారు. అంతకుముందు పుట్టినవారికి పాత పద్ధతిలో ఇతర పత్రాలు చెల్లుతాయి. ఆధార్ కార్డు ఉంటే చాలదా అనే ప్రశ్నకు 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో జవాబిచ్చింది. ఆధార్ గుర్తింపుకు ఆధారమే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని చెప్పి, బడి నుంచి ఇచ్చిన ధ్రువపత్రంలోని తేదీనే లెక్కలోకి తీసుకుంది.

ఆ సవరణలో సామాన్యులకు మేలు చేసే అంశాలు మరికొన్ని ఉన్నాయి. నమోదు పూర్తయ్యాక ఏడు రోజుల్లోపు ధ్రువపత్రం ఇవ్వాలని గడువు పెట్టారు. దత్తత తీసుకున్న పిల్లలు, అనాథలు, ఒంటరి తల్లి పెంచే పిల్లల నమోదుకు చట్టంలోనే చోటు కల్పించారు. మరణానికి కారణాన్ని తెలిపే వైద్య ధ్రువపత్రాన్ని ఆసుపత్రి వారు రిజిస్ట్రారుకు పంపడంతో పాటు దగ్గరి బంధువుకు కూడా ఉచితంగా ఇవ్వాలి. ఈ చివరి అంశం విలువ కోవిడ్ కాలంలో నష్టపోయిన కుటుంబాలకు బాగా తెలుసు. రిజిస్ట్రారు ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం రాయరు, దాన్ని బయటపెట్టకూడదని 17వ సెక్షనే చెబుతోంది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు ప్రకటించిన 50,000 రూపాయల కోవిడ్ పరిహారానికి కారణం చూపవలసి వచ్చినప్పుడు, ఆసుపత్రి నుంచి ఆ కాగితం తెచ్చుకోని వారు చాలా అవస్థ పడ్డారు. ఇప్పుడు అది బంధువుల హక్కు కాబట్టి, దేహంతో పాటు ఆ కాగితాన్ని కూడా అడిగి తీసుకోవాలి.

విదేశాల్లో ఉన్న మనవారి గురించి కూడా కొంచెం చెప్పాలి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి, అటు కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఎందరో గల్ఫ్ దేశాల్లో పని చేస్తున్నారు. అక్కడ ఎవరైనా మరణిస్తే మన ఊరి పంచాయతీలో నమోదు చేయడం కుదరదు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే మరణ ధ్రువపత్రంతో పాటు, అక్కడి భారత రాయబార కార్యాలయంలో చేయించే నమోదే ఇక్కడ ఆధారమవుతుంది. దేహాన్ని పంపించే ఏర్పాట్లలో ఉన్న తోటి కార్మికులు ఆ నమోదు పత్రాన్ని కూడా పంపేలా కుటుంబం వారు గట్టిగా అడగాలి. విదేశంలో పుట్టిన భారత పౌరుల పిల్లల జననం కూడా అక్కడి రాయబార కార్యాలయంలోనే నమోదు చేయించాలి. అలా చేయించకుండా తల్లిదండ్రులు స్థిరపడడానికి స్వదేశం వచ్చేస్తే, వచ్చిన 60 రోజుల్లోపు ఇక్కడ నమోదు చేయించుకునే వీలు చట్టంలో ఉంది.

ఇంటి దగ్గరే కాన్పులు, మరణాలు జరిగే చోట్ల, ముఖ్యంగా ఏజెన్సీ గూడేల్లో, ఈ సమాచారం ఎవరు చేరవేస్తారన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. ముసలివాళ్లు ఇంట్లో కన్నుమూస్తే మైదాన ప్రాంతాల్లో కూడా చాలామంది నమోదు చేయించరు. ఆస్తి లేదు కదా, కాగితం దేనికని అనుకుంటారు. కానీ మరణం నమోదు కాని ఇంట్లో భార్యకు వితంతు పింఛను రాదు, బ్యాంకులో ఉన్న నాలుగు వేలూ చేతికి రావు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు కూడా అదే మొదటి కాగితం. ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, ఏఎన్ఎంకు ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో ముందుగా తెలుస్తుంది కాబట్టి, వారి ద్వారా పంచాయతీ కార్యదర్శికి కబురు అందేలా చూడడం చదువుకున్న ప్రతి పొరుగింటివారికీ చేతనైన పనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల వల్ల కార్యాలయం నడిచి వెళ్లగలిగేంత దగ్గరికి వచ్చింది. తెలంగాణలో పంచాయతీ కార్యాలయం, మీసేవ కేంద్రం ఉన్నాయి.

రిజిస్ట్రారు నమోదుకు ఒప్పుకోకపోయినా, సవరణకు నిరాకరించినా ఊరుకోవలసిన అవసరం లేదు. సవరించిన చట్టం అప్పీలు హక్కు ఇచ్చింది. రిజిస్ట్రారు నిర్ణయం మీద 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రారుకు, జిల్లా రిజిస్ట్రారు నిర్ణయం మీద చీఫ్ రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. వారు దాన్ని 90 రోజుల్లో తేల్చాలి. నోటిమాటగా "కుదరదు" అంటే అప్పీలుకు ఆధారం ఉండదు కాబట్టి, దరఖాస్తును రాతపూర్వకంగానే ఇవ్వాలి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి, కుదరదన్న జవాబును కూడా రాసి ఇవ్వమని మర్యాదగా, పట్టుదలగా అడగాలి.